నాలుగించుల పైపులో సమమైన వెలుగు

కిందటి జనవరిలో మదనపల్లె దగ్గర మా పెద్దనాన్నగారి మామిడితోటలో రెండు రాత్రులు మేలుకొని రోజెట్ నీహారికను ఫొటో తీశాను. బెంగళూరు తిరిగివచ్చాక, మారతహళ్ళిలోని మా ఇంట్లో ఆ రెండు రాత్రుల ఫ్రేములన్నింటినీ ఒకదానిపై ఒకటి పేర్చి, మసకగా ఉన్న భాగాలు కంటికి ఆనేలా వెలుగును సాగదీసేసరికి, పువ్వులా విచ్చుకున్న ఆ ఎర్రని నీహారిక అంచున ఆకాశంలో లేని ఒక గుండ్రని మచ్చ తేలింది. దానికి కొంచెం ఎడంగా, మరింత పెద్దదిగా, మరింత పలుచగా ఇంకొకటి. అద్దాలతో చేసిన టెలిస్కోపుల్లో ఇటువంటి మచ్చలు గారెల్లా మధ్యలో రంధ్రంతో కనబడతాయి. నాది కటకాల టెలిస్కోపు గనుక అప్పాల్లా నిండుగా ఉన్నాయి. నాలుగు మూలలూ కూడా మధ్యభాగం కంటే కాస్త చీకటిగా ఉన్నాయి. రెండు రాత్రుల నిద్రను నేను అప్పగించింది ఈ అప్పాల కోసమా అనిపించింది.

మచ్చలు దుమ్మువి. నా దగ్గరున్నది 80 మిల్లీమీటర్ల కటకం, 480 మిల్లీమీటర్ల నాభ్యంతరం గల చిన్న టెలిస్కోపు. దాని వెనుక సోనీ ఐఎంఎక్స్533 సెన్సరున్న రంగుల కెమెరా. సెన్సరు ఒక్కో వైపు 3008 పిక్సెళ్ళు, ఒక్కో పిక్సెల్ 3.76 మైక్రోమీటర్లు. ఈ కూర్పులో చట్రం 1.35 డిగ్రీల ఆకాశాన్ని పట్టుకుంటుంది కాబట్టి రోజెట్ అందులో దాదాపు అంచులు తాకుతూ ఒదిగిపోతుంది. సెన్సరుకు ముందు ఎక్కడో ఒక గాజుపై ధూళికణం వాలితే, కటకం నుంచి శంకువులా సన్నబడుతూ వచ్చే వెలుగులో దాని నీడ సెన్సరుపై గుండ్రంగా పడుతుంది. కణం సెన్సరుకు ఎంత దూరంలో ఉంటే నీడ అంత పెద్దది. నీడ వ్యాసాన్ని ఎఫ్ సంఖ్యతో, అంటే నాభ్యంతరాన్ని కటకం వ్యాసంతో భాగిస్తే వచ్చే అంకెతో, హెచ్చిస్తే ఆ దూరం వచ్చేస్తుంది. నా చిన్న మచ్చ 290 పిక్సెళ్ళు, అంటే 1.09 మిల్లీమీటర్లు, నాది ఎఫ్/6 గనుక ఆరుతో హెచ్చిస్తే ఆరున్నర మిల్లీమీటర్లు. ఆ దూరంలో ఉన్నది సెన్సరును కాపాడే గాజుపలక. పెద్ద మచ్చ 800 పిక్సెళ్ళు. దాని లెక్క 18 మిల్లీమీటర్లకు తేలింది, అది ఫిల్టరు. నేరస్థులెవరో కాగితం మీదే తెలిసిపోయారు గాని, అప్పటికే తీసిన ఫొటోను ఆ తెలివి బాగుచేయదు.

బాగుచేసేది ఫ్లాట్ ఒక్కటే. అంతటా ఒకే వెలుగున్న తెల్లని తలాన్ని టెలిస్కోపు ముందుంచి, ఫోకస్ కదల్చకుండా, కెమెరా తిప్పకుండా, ఫిల్టరు మార్చకుండా తీసిన ఫొటోను ఫ్లాట్ అంటారు. చూడవలసింది తెలుపు మాత్రమే కాబట్టి, అందులో కనబడే ప్రతి చీకటీ టెలిస్కోపుదీ కెమెరాదీ అవుతుంది: మూలల చీకటి, దుమ్ము నీడ, పిక్సెల్‌కూ పిక్సెల్‌కూ మధ్య సున్నితత్వంలో ఉండే చిన్న తేడా. అసలు ఫొటోను ఆ ఫ్లాట్‌తో భాగించితే రెండింటిలోనూ ఉన్న లోపం కొట్టుకుపోతుంది. ఇది కూడికా తీసివేతా కాదు, భాగహారం. అందుకే రెండు పక్కలా ముందుగా కెమెరా తనంతట తాను కలిపే అంకెలను, టెలిస్కోపుకు మూత బిగించి అంతే ఎక్స్‌పోజర్‌తో తీసే డార్క్ ఫ్రేములతో తీసివేయాలి. అసలు ఫొటోలో ఆ తీసివేత మరిచిపోతే మూలలు ఉండవలసినదానికంటే వెలిగిపోతాయి, ఫ్లాట్‌లో మరిచిపోతే మూలల చీకటి పూర్తిగా పోదు. నగరం వెలుగులో, తోటలో కూడా కొంతవరకు, నీహారిక తన చుట్టూ ఉన్న ఆకాశపు వెలుగుకంటే కొద్ది శాతమే ఎక్కువగా ఉంటుంది. అటువంటప్పుడు ఫ్లాట్‌లో ఒక శాతం తప్పు దొర్లితే, అది నీహారికలో గణనీయమైన భాగాన్ని మింగేస్తుంది.

అప్పటిదాకా నేను ఫ్లాట్లు తీయక కాదు. టెలిస్కోపు మూతికి తెల్లని టీషర్టు బిగించి, సంధ్యవేళ నడినెత్తిన ఉన్న ఆకాశం వైపు తిప్పి తీసేవాణ్ణి. వేధశాలల్లోనూ సంధ్యాకాశపు ఫ్లాట్లు తీస్తారు, డోమ్ లోపలి గోడకు తెల్లని తెర కట్టి దీపాలతో వెలిగించి కూడా తీస్తారు. మదనపల్లెకు హోసకోటె మీదుగా వెళ్ళినప్పుడల్లా నాకు అక్కడి ప్రాంగణం గుర్తుకొస్తుంది. భారతీయ ఖభౌతిక సంస్థవారు లదాఖ్‌లోని హాన్లేలో ఉన్న 2 మీటర్ల హిమాలయన్ చంద్ర టెలిస్కోపును ఉపగ్రహ సంబంధంతో అక్కడి నుంచే నడుపుతారు. వారికున్న సంధ్యే నాకూ ఉంది, కానీ నా చేతికి అందేది తక్కువ. 13 డిగ్రీల అక్షాంశంలో సూర్యుడు దాదాపు నిట్టనిలువుగా దిగిపోతాడు. అస్తమించి ఆరు డిగ్రీల కిందికి చేరడానికి పట్టేది ఇరవై నిమిషాలకు కాస్త అటూఇటూ. సాయంత్రం ఆ ఇరవై నిమిషాల్లోనే నేను ముక్కాలిపీట నిలబెట్టాలి, తీగలు కలపాలి, ధ్రువనక్షత్రం కోసం ఉత్తరం వైపు కొబ్బరిచెట్టు సందులో వెతకాలి. తెల్లవారుజామున తీద్దామంటే పదిగంటలకు ఆఫీసులో ఉండాలి కాబట్టి ఐదింటికే సామాను సర్దుకోవాలి. పైగా ఆ జనవరి రెండు రోజులూ సాయంత్రం పడమట మబ్బులు పట్టి, చీకటిపడ్డాక విడిపోయాయి. అందుచేత ఆ రోజెట్‌కు ఫ్లాట్లు లేవు.

మొదట కొన్నది బొమ్మలు గీసేవారు కాగితం కింద పెట్టుకునే యూఎస్‌బీ లైటు పలక, ఏ4 సైజుది. వేలితో తాకితే మూడు మెట్లలో వెలుగు మారుతుంది. నిండు వెలుగు చాలా ఎక్కువైపోయింది కాబట్టి అతి తక్కువ మెట్టులో పెట్టి సెకనులో మూడువందలవ వంతు ఎక్స్‌పోజర్‌తో తీశాను. ఫొటో నిండా జరీ అంచులా అడ్డచారలు! కారణం తెలుసుకోవడానికి ఒక ఆదివారం పట్టింది. ఇటువంటి పలకలు వెలుగు తగ్గించడానికి ఎల్‌ఈడీలను నిజంగా మసకబార్చవు. సెకనుకు వందలసార్లు వెలిగించి ఆర్పుతాయి, ఆరి ఉండే వ్యవధిని పెంచుతాయి. మన కన్ను దాన్ని మసకగా చూస్తుంది. కెమెరా సెన్సరు మాత్రం పై వరుస నుంచి కింది వరుస దాకా ఒక్కొక్కటిగా చదువుకుంటూ వస్తుంది కనుక, ఎక్స్‌పోజర్ పొట్టిగా ఉన్నప్పుడు ఒక వరుసకు రెండు వెలుగులు దక్కితే, మరో వరుసకు ఒకటే దక్కుతుంది. ఎక్స్‌పోజర్ ఒక సెకను దాటితే ప్రతి వరుసకూ వందల వెలుగులు అందుతాయి, ఒకటీ అరా తేడా లెక్కలోకి రాదు. నిండు వెలుగులో పెట్టి ఐదారు తెల్లకాగితాలు అడ్డం వేసి, సెకనుకు పైగా తీస్తే ఆ పలకతోనే పని జరిగిపోయేదని ఇప్పుడు నాకు తెలుసు. కానీ పలక టెలిస్కోపు మూతికంటే మూడింతలుంది, టెలిస్కోపును నిట్టనిలువుగా నిలబెడితే తప్ప జారిపోతుంది. మేడమీద ఒకసారి గాలికి జారి, తీగ మొదలు దగ్గర విరిగింది. అప్పుడే, మూతలా తొడుక్కునేది ఒకటి నేనే కట్టుకోవాలని నిశ్చయించుకున్నాను.

టెలిస్కోపు ముందుభాగంలో మంచు పడకుండా ఉండే గొట్టం బయటి వ్యాసం 100 మిల్లీమీటర్లు. దానికి సరిపోయే డబ్బా కోసం వంటింట్లో మూతలన్నీ కొలిచి మాటలు పడ్డాక, శానిటరీ సామాన్ల దుకాణంలో జవాబు దొరికింది. డ్రైనేజీకి వాడే 110 మిల్లీమీటర్ల పీవీసీ పైపు, దానికి ఒకవైపు బిగించే మూత, రెండు పైపులను కలిపే కప్లర్. 110 ఎంఎం అని నేను రెండుసార్లు చెప్పినా, దుకాణదారు లోపలికి కేకవేసింది 'నాలుగించులది' అనే. కప్లర్ లోపల సరిగ్గా మధ్యలో, పైపు మరీ లోపలికి పోకుండా ఆపే చిన్న గట్టు ఉంటుంది. ఆ గట్టే నాకు వరం. ఒకవైపు నుంచి దానిమీద తెల్లని పలక ఆనించి, వెనకనుంచి పైపు ముక్కను దూర్చితే పలక బిగిసిపోతుంది. రెండోవైపు నుంచి టెలిస్కోపు వచ్చి దూరుతుంది. టెలిస్కోపుకూ కప్లర్‌కూ మధ్య చుట్టూ మిగిలిన ఐదేసి మిల్లీమీటర్లను నల్లని ఫెల్టు గుడ్డ రెండు పొరలు అంటించి పూడ్చాను. అది గీతలు పడకుండా కాపాడుతుంది, సందుల్లోంచి వెలుగు చొరబడకుండా కూడా చూస్తుంది.

తెల్లని పలక కోసం మా వీధి చివర దుకాణాలకు లైటు బోర్డులు చేసే అతని దగ్గరకు వెళ్ళాను. చిత్తూరు వైపు మనిషి, పదిహేనేళ్ళుగా ఇక్కడే ఉంటున్నాడు. 109 మిల్లీమీటర్ల వ్యాసంతో గుండ్రంగా ఒకటి కావాలన్నాను.

“ఏం సార్, ఇంత చిన్న బోర్డులో ఏం పేరు రాయించుకుంటారు?”

“ఏమీ రాయొద్దన్నా. ఖాళీగా వెలగాలి, అంతే.”

“ఖాళీగా వెలిగేదానికి బోర్డెందుకు సార్, బల్బు పెట్టుకోండి” అని నవ్వి, ముందు అతనిచ్చింది గరుకు గాజులా ఉన్న పలక. ఇంటికి తెచ్చి వెనుక ఎల్‌ఈడీ పెట్టి చూస్తే, ప్రతి దీపమూ చుక్కలా తెలిసిపోతోంది. గరుకు పలకలో వెలుగు చెదిరేది పైతలంలోనే. నాకు కావలసింది మందమంతా పాలలా ఉండేది. బోర్డుల వాళ్ళు దాన్ని 'మిల్కీ వైట్' అంటారు, అడగవలసిన పేరు అదే. 3 మిల్లీమీటర్ల మిల్కీ అక్రిలిక్‌ను లేజరుతో కోసి ఇచ్చాడు. దాని వెనుక వేలు ఆనిస్తే వేలి నీడ తెలిసింది గాని, రెండంగుళాలు వెనక్కి తీస్తే ఏమీ తెలియలేదు. దీపాలకూ పలకకూ మధ్య ఎంత దూరం ఉండాలో ఆ వేలే చెప్పింది.

పైపు నుంచి 60 మిల్లీమీటర్ల ముక్క కోయించి, ఒక చివర మూత బిగించి, లోపలంతా గోడలకు వేసే తెల్లని ప్రైమర్ పూశాను. మెరిసే ఎనామిల్ వేస్తే దీపాల ప్రతిబింబాలు అద్దంలోలాగా పడతాయి, ప్రైమరైతే సున్నంలా వెలుగును చెదరగొడుతుంది. మొదటిసారి పీవీసీని గరుకు కాగితంతో రుద్దకుండా పూసేశాను. మర్నాడు అది పాలమీగడలా పొరగా లేచి చేతికొచ్చింది. రుద్ది మళ్ళీ పూస్తే నిలిచింది.

ఎల్‌ఈడీ పట్టీ ఎస్.పీ. రోడ్డులో కొన్నాను. 12 వోల్టుల పట్టీ, మీటరుకు 60 దీపాలు. ప్రతి ఐదు సెంటీమీటర్లకూ మూడు దీపాలతో ఒక ఖండం, ఆ గుర్తుల దగ్గర మాత్రమే కోయాలి. పైపు లోపలి చుట్టుకొలత 327 మిల్లీమీటర్లు. ఆరు ఖండాలు పెడితే 27 మిల్లీమీటర్లు ఖాళీ మిగులుతుంది, ఏడు పట్టవు. ఆ ఖాళీలోంచే తీగలు బయటకు తీసి, అదే బాగని అప్పుడు అనుకున్నాను. పట్టీని నేరుగా గోడకు అంటించేస్తే దీపాల వెలుగు పలక అంచుపై సూటిగా పడి తెల్లని కంకణంలా మెరుస్తుంది కాబట్టి, పెళ్ళిపత్రిక అట్టను కంకణంగా కోసి దీపాలకూ పలకకూ మధ్య చూరులా అమర్చాను. అంతటితో దీపం కనబడదు. వెలుగు వెనక మూతకు తగిలి, అటూఇటూ చెదిరి, అలసిపోయి పలకను చేరుతుంది.

వెలుగు తగ్గించే పద్ధతి విషయంలో, ఆర్పి వెలిగించే పద్ధతి జోలికి పోకూడదని చారలు నేర్పాయి. వోల్టేజీని మనం పెట్టిన చోట నిలిపి ఉంచే పాతకాలపు ఎల్‌ఎం317 రెగ్యులేటరు తీసుకున్నాను. దాని రెండు నిరోధకాల నిష్పత్తికి ఒకటి కలిపి 1.25తో హెచ్చిస్తే బయటికొచ్చే వోల్టేజీ తెలుస్తుంది. ఒకపక్క 240 ఓములు, రెండోపక్క 1,200 ఓములకు వరుసగా 500 ఓముల తిప్పుడు నిరోధకం. ఇలా ఏడున్నర నుంచి పది వోల్టుల దాకా నెమ్మదిగా తిప్పుకోవచ్చు. ఆరు ఖండాలు కలిసి నిండు వెలుగులో కూడా 120 మిల్లీఆంపియర్లు మించవు కాబట్టి రెగ్యులేటరు గోరువెచ్చన కూడా కాదు, చల్లబరిచే రేకు అక్కర్లేదు. టెలిస్కోపు మోటార్లకు నేను వాడే 12 వోల్టుల బ్యాటరీ నుంచే దీనికీ తీగ లాగాను. టంకం పెట్టడంలో నా చేతివాటం గురించి చెప్పుకోవలసింది ఏమీ లేదు. మూడో ప్రయత్నంలో వెలిగింది.

వెలిగిన ఆనందంలో గుండీని బాగా కిందికి తిప్పాను, వెలుగు ఎంత తక్కువైతే ఎక్స్‌పోజర్ అంత పొడవుగా పెట్టుకోవచ్చని. ఎనిమిది వోల్టుల దగ్గర పలకను విప్పి చూస్తే లోపల చిత్రమైన దృశ్యం: ఒక ఖండం పసుపుగా వెలుగుతోంది, దాని పక్కది మిణుకుమంటోంది, మరొకటి దాదాపు ఆరిపోయింది. ఖండంలో మూడు ఎల్‌ఈడీలు వరుసగా ఉంటాయి. అవి వెలగడం మొదలుపెట్టే వోల్టేజీ ఖండానికీ ఖండానికీ పిసరంత తేడాగా ఉంటుంది. పన్నెండు వోల్టుల దగ్గర ఆ తేడాను నిరోధకం కప్పేస్తుంది. అంచుకు దిగేసరికి పిసరంత తేడాయే సర్వస్వం అవుతుంది. అంచేత తొమ్మిదిన్నర వోల్టులకు పైన ఉంచి, మిగిలిన వెలుగును మామూలు ప్రింటరు కాగితంతో తగ్గించాలని నిర్ణయించాను. పలక వెనుక గుండ్రంగా కోసి పెట్టిన ఒక్కో కాగితం, నేను కొలిచినంతలో, సగం కంటే కొంచెం ఎక్కువే తినేసింది. ఐదు కాగితాలు వేసేసరికి, ఫిల్టరు లేకుండా సెకనులో యాభయ్యో వంతుకు తెల్లబారిన ఫ్రేము సెకనుకు పైగా సమయం తీసుకుంది. కాగితపు నారలు ఫొటోలో పడతాయేమోనని భయపడ్డాను. టెలిస్కోపు అనంతదూరానికి ఫోకస్ అయి ఉంటుంది, మూతి ముందున్న కాగితం దానికి ఎన్నటికీ కనబడదు.

ఇక సమత్వం. పలకను వెలిగించి ఫోనుతో ఫొటో తీసి చూస్తే, పట్టీలో ఖాళీ ఉన్న వైపు ఎనిమిది శాతం దాకా మసకగా ఉంది. నా కంటికీ కనబడుతోంది. నేను ఇది పనికిరాదనుకుని, ఆ 27 మిల్లీమీటర్లను పూడ్చే ఉపాయాల కోసం రెండు వారాలు తిరిగాను. వేరే పట్టీ కొన్నాను, ఖాళీలో వెండికాగితం అంటించాను, అట్ట చూరును అక్కడ మాత్రం కత్తిరించాను. ప్రతిసారీ ఒక వైపు సర్దుకుంటే మరోవైపు మసకబారేది. చివరికి విసిగి, ఫోనును పక్కనపెట్టి, టెలిస్కోపునే అడుగుదామనుకున్నాను.

అడిగే పద్ధతి చాలా తేలిక. ప్యానెల్‌ను, అంటే నేను కట్టిన ఈ వెలుగు మూతను, తొడిగి పాతిక ఫ్లాట్లు తీయాలి; టెలిస్కోపునూ కెమెరానూ తాకకుండా ప్యానెల్‌ను మాత్రం సగం చుట్టు తిప్పి మరో పాతిక తీయాలి; మొదటి సగటును రెండో సగటుతో భాగించాలి. మూలల చీకటి, దుమ్ము, పిక్సెళ్ళ తేడాలు రెండింటిలోనూ ఒకేలా ఉంటాయి కాబట్టి కొట్టుకుపోతాయి; మిగిలేది ప్యానెల్ తప్పు ఒక్కటే, అదీ రెట్టింపుగా. పాతిక ఎందుకంటే, ఒక పిక్సెల్‌లో పదివేల ఎలక్ట్రాన్లు పోగయితే దాని వర్గమూలం వంద, అంటే ఒక శాతం హెచ్చుతగ్గు సహజంగానే ఉంటుంది. పాతిక ఫ్రేముల సగటులో అది 0.2 శాతానికి దిగుతుంది. అంతకంటే లోతుగా చూడాలంటే చుట్టుపక్కల పిక్సెళ్ళను కలిపి చూడవచ్చు. సిరిల్ అనే ఉచిత సాఫ్ట్‌వేరులో ఈ భాగహారం చేసి చూస్తే, ఒక అంచు నుంచి ఇంకో అంచుకు ఉన్న వాలు అర శాతం. అందులో సగమే ప్యానెల్‌ది. కంటికి ఎనిమిది, టెలిస్కోపుకు పావు!

నమ్మలేక లెక్క వేశాను. ప్యానెల్ కటకం ముందుంది, దాని బొమ్మ సెన్సరుపై పడదు. సెన్సరులోని ప్రతి పిక్సెల్‌కూ కటకం మొత్తం నుంచి వెలుగు వస్తుంది, అంటే ప్రతి పిక్సెల్ ప్యానెల్ మొత్తాన్నీ చూస్తుంది; వెలుగున్న వైపునూ మసక వైపునూ కలిపి సగటు తీసుకుంటుంది. మధ్య పిక్సెల్‌కూ అంచు పిక్సెల్‌కూ ఉన్న తేడా చూపు కోణంలోనే. నా చట్రంలో మధ్య నుంచి అంచుకు 0.67 డిగ్రీలు, ప్యానెల్ కటకానికి 100 మిల్లీమీటర్ల ముందుంటే, అంచు పిక్సెల్ చూసే వృత్తం 1.2 మిల్లీమీటర్లు పక్కకు జరుగుతుంది, అంతే. 80 మిల్లీమీటర్లకు ఎనిమిది శాతం వాలు అంటే మిల్లీమీటరుకు 0.1 శాతం. రెండు అంచులకూ కలిపి పావు శాతం. కాగితం మీద వచ్చిన అంకె, టెలిస్కోపు చెప్పిన అంకె ఒకటే అయ్యాయి. ఆ పావు శాతం వదిలించుకోవడానికి కూడా పట్టీని ముట్టుకోవలసిన పనిలేదు. సగం ఫ్లాట్లు ఒకలా, సగం ప్యానెల్‌ను తిప్పి తీసి అన్నింటినీ కలిపి సగటు చేస్తే వాలు తనను తానే రద్దు చేసుకుంటుంది. మా అమ్మాయి గోళ్ళరంగు అడిగి తీసుకుని, ప్యానెల్‌పై ఒక బాణం, టెలిస్కోపు గొట్టంపై ఎదురెదురుగా రెండు చుక్కలు పెట్టుకున్నాను. ఖాళీ ఇప్పటికీ అలాగే ఉంది.

ఇంతటితో అయిపోయిందనుకుని, హాల్లో బల్లమీద టెలిస్కోపు పెట్టి ఫిల్టరుతో ఫ్లాట్లు తీసి, దాచి ఉంచిన మేడమీది ఫొటోలకు వేసి చూశాను. కుడివైపు పై మూలలో చంద్రవంకలా ఒక నల్లని చార! ప్యానెల్‌ను అనుమానించి మళ్ళీ తిప్పుడు పరీక్ష చేశాను, భాగహారం తెల్లగా వచ్చింది, ప్యానెల్‌లో దోషం లేదంది. కానీ చార పోలేదు. ఆ పరీక్ష ప్యానెల్ తప్పును మాత్రమే చూపిస్తుందనీ, రెండుసార్లూ కదలకుండా ఉన్న తప్పును దుమ్ముతోపాటే కొట్టేస్తుందనీ నాకు తట్టడానికి నాలుగు రోజులు పట్టింది. తట్టాక, టెలిస్కోపుకు మూత బిగించి, అదే బల్లమీద, అదే ఎక్స్‌పోజర్‌తో ఒక ఫ్రేము తీశాను. నల్లగా రావలసిన ఫ్రేములో అదే మూలలో మసక చంద్రవంక. పైన ట్యూబులైటు వెలుగుతోంది; ఫిల్టరు దూర్చే సొరుగు సందులోంచి దాని వెలుగు లోపలికి జారి సెన్సరు అంచుపై పడుతోంది. ఫ్లాట్‌లో అక్కడ అదనపు వెలుగు చేరింది కనుక, భాగించగానే ఫొటోలో అక్కడ చీకటి మిగిలింది. ఫ్లాట్లకు జోడీగా తీసే డార్కులను నేను రాత్రి దీపాలార్పి తీశాను గనుక అవి కూడా దాన్ని పట్టుకోలేదు. ట్యూబులైటు ఆర్పి మళ్ళీ తీస్తే చంద్రవంక లేదు. సొరుగు చుట్టూ ఇప్పుడు నల్లని జుట్టు రబ్బరుబ్యాండొకటి ఉంటుంది, అదీ మా అమ్మాయిదే.

ఇంకొక్క సవరణ మిగిలింది. నీహారికలకు నేను వాడే ఫిల్టరు రెండు సన్నని పట్టీలనే పోనిస్తుంది: హైడ్రోజన్ ఎరుపు 656 నానోమీటర్ల దగ్గర, ఆక్సిజన్ నీలియాకుపచ్చ 501 దగ్గర. తెల్లని ఎల్‌ఈడీ నిజానికి నీలి ఎల్‌ఈడీయే, 450 దగ్గర ఒక శిఖరం. దానిపై పూసిన పసుపు పదార్థం మిగిలిన వెలుగునిస్తుంది. ఈ రెండింటి మధ్య, సుమారు 480 నుంచి 500 దాకా, ఒక లోయ ఉంటుంది, ముదురు ఎరుపు వైపు వెలుగు సన్నగిల్లిపోతుంది. నేను మొదట పెట్టిన చల్లని తెలుపు పట్టీతో ఫిల్టరు వేసి తీస్తే, ఆకుపచ్చ వర్ణం 28,000 దగ్గర ఉండగా ఎరుపు పదివేలు కూడా దాటలేదు. 65,535 పైకప్పు గల అంకెల్లో ఇరవై అయిదు నుంచి ముప్పై వేల మధ్య అన్ని వర్ణాలూ ఉంటే బాగుంటుంది. పట్టీని తీసేసి పసుపుచాయ తెలుపుది పెట్టాను. ఇప్పుడు ఎరుపే కొంచెం ముందుంటుంది, తేడా పెద్దది కాదు. ఫిల్టరు చాలా వెలుగును ఆపేస్తుంది గనుక లోపల రెండు కాగితాలే స్థిరంగా ఉంచాను, ఎక్స్‌పోజర్ ఒకటిన్నర సెకను దగ్గర నిలిచింది. ఫిల్టరు లేని రోజులకు మిగిలిన మూడింటినీ ఒక అట్ట చట్రానికి అంటించి విడిగా పెట్టుకున్నాను. ఖర్చంతా కలిపి తొమ్మిదివందలు దాటలేదు, పాడుచేసిన పట్టీని లెక్కలోంచి తీసేస్తే.

మార్చి మొదటి వారంలో మళ్ళీ తోటకు వెళ్ళాను. రోజెట్ అప్పటికే పడమటికి వాలుతోంది కాబట్టి రాత్రి పదకొండు దాకా దాన్నే తీసి, ఫోకస్ చెదరకముందే ప్యానెల్ తొడిగాను. పెద్దనాన్న నిద్రపట్టక మంచం మీంచి లేచి వచ్చి, “చీకట్లో చుక్కల్ని చూస్తానని వచ్చి దీపం పెట్టుకుని కూర్చున్నావేమిరా” అన్నారు. చెప్పడం మొదలుపెట్టేసరికి బాణం ఒక చుక్క మీద ఉండగా పదిహేను, రెండో చుక్క మీదికి తిప్పి పదిహేను ఫ్లాట్లూ, మూత బిగించి అంతే ఎక్స్‌పోజర్‌తో ముప్పై డార్కులూ అయిపోయాయి; మొత్తం నాలుగు నిమిషాలు పట్టలేదు. ఇంటికొచ్చి భాగహారం చేస్తే రోజెట్ చుట్టూ ఆకాశం ఒక్క చాయలో పరుచుకుని ఉంది, మూలలు ఎక్కడున్నాయో వెతుక్కోవలసి వచ్చింది. ఫ్లాట్‌ను మాత్రం విడిగా తెరిచి సాగదీసి చూశాను. పాత రెండు మచ్చలతోపాటు ఎడమవైపు కింద కొత్తది ఒకటి చేరింది, 290 పిక్సెళ్ళది, మళ్ళీ ఆ గాజుపలక మీదే. గాలి పంపు తీసుకుని ఈ ఆదివారం కెమెరా విప్పాలి.